లారిక్ ఆమ్లం: టెంకాయ నూనెలో సగం ఇదే

ఆమ్లం, యాసిడ్ అనే మాట వినగానే పిల్లలకు ల్యాబులోని గాజుసీసా, బట్టకు పడిన బొక్క గుర్తుకొస్తాయి. అన్ని ఆమ్లాలూ అలాంటివి కావు. పొద్దున తలకు పెట్టుకున్న నూనెలో, ఒళ్లు రుద్దుకున్న సబ్బులో, పళ్లు తోముకున్న పేస్టులో, ఇడ్లీకి నంజుకున్న టెంకాయ చట్నీలో ఒకే ఆమ్లం ఏదో ఒక రూపంలో ఉంది. దాని పేరు లారిక్ ఆమ్లం.

కోయంబత్తూరు, పొల్లాచ్చి, ఉడుమలపేట, మదురై వైపు మన తెలుగు కుటుంబాల్లో చాలామందికి టెంకాయ తోటతోనో, నూనె మిల్లుతోనో, నూనె అంగడితోనో ఏదో సంబంధం ఉంటుంది. అయినా ఈ ఆమ్లం గురించి బడి పుస్తకాల్లో కనిపించేది ఒకటి రెండు వాక్యాలే. పిల్లలకు పాఠంగాను, పెద్దవాళ్లకు నూనె కొనేటప్పుడు అక్కరకు వచ్చేటట్టుగాను ఈ వ్యాసం రాస్తున్నాం. చివర్లో మాటల పట్టిక ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఇంగ్లీషు చదివే పిల్లలు దాన్ని నోటుబుక్కులో రాసుకోవచ్చు.

ఒక్క చూపులో

- పేరు: లారిక్ ఆమ్లం. శాస్త్రీయ నామం డోడెకనోయిక్ ఆమ్లం. గ్రీకులో డోడెకా అంటే పన్నెండు.
- అణువులో ఉండేవి: 12 కార్బన్లు, 24 హైడ్రోజన్లు, 2 ఆక్సిజన్లు.
- అణుభారం: దాదాపు 200.3.
- రూపం: తెల్లటి పొడి, లేదా మైనం తునకల్లాంటి రేకులు.
- కరిగే ఉష్ణోగ్రత: దాదాపు 44 డిగ్రీల సెల్సియస్.
- మరిగే ఉష్ణోగ్రత: దాదాపు 299 డిగ్రీల సెల్సియస్.
- నీటిలో దాదాపు కరగదు. ఆల్కహాలులో, ఈథరులో బాగా కరుగుతుంది.
- రకం: సంతృప్త కొవ్వు ఆమ్లం, బలహీన ఆమ్లం.

పేరు ఎలా వచ్చింది?

మధ్యధరా సముద్ర తీరాల్లో లారెల్ అనే చెట్టు పెరుగుతుంది. దాని లాటిన్ పేరు లారస్ నోబిలిస్. 1842లో మార్సన్ అనే రసాయన శాస్త్రవేత్త ఆ చెట్టు గింజల కొవ్వులో ఈ ఆమ్లాన్ని గుర్తించాడు. లారస్ నుంచి లారిక్ అయింది. సిరియాలోని అలెప్పో ఊరిలో ఇప్పటికీ ఆలివ్ నూనె, లారెల్ నూనె కలిపి పేరుమోసిన సబ్బు చేస్తారు.

మన బిర్యానీలో వేసే ఆకు ఈ చెట్టుది కాదు. అది దాల్చినచెక్క కుటుంబానికి చెందిన వేరే చెట్టు ఆకు. ఇంగ్లీషులో రెంటినీ బే లీఫ్ అనేస్తారు కాబట్టి తికమక పడవద్దు.

లారెల్ గింజలో పేరు పెట్టించుకున్నా, ఈ ఆమ్లం లోకానికి పెద్ద ఎత్తున దొరికేది మాత్రం టెంకాయ నుంచి, పామ్ గింజ నుంచి.

ఎందులో ఎంత?

నూనె అంటే ఏమిటో ముందు చూద్దాం. గ్లిసరాల్ అనే చిన్న అణువుకు మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కుంటే ఒక నూనె అణువు. మూడు పళ్ల దువ్వెనను ఊహించుకోండి. వీపు గ్లిసరాల్, పళ్లు కొవ్వు ఆమ్లాలు. ఏ నూనెకు ఏ గుణం ఉంటుందో ఆ పళ్లను బట్టే తేలుతుంది.

టెంకాయ నూనెలో నూటికి 45 నుంచి 53 పాళ్లు లారిక్ ఆమ్లమే. దాని తరువాత మిరిస్టిక్ ఆమ్లం 16 నుంచి 21 పాళ్లు. తక్కినవి కాప్రిలిక్, కాప్రిక్, పామిటిక్, ఓలియిక్, స్టియరిక్ వగైరా.

పామ్ చెట్టు విషయంలో ఒక మెలిక ఉంది. దాని పండు గుజ్జు నుంచి తీసేది పామాయిల్. అందులో పామిటిక్, ఓలియిక్ ఆమ్లాలే ఎక్కువ, లారిక్ ఉన్నా లేనట్టే. అదే పండు లోపలి గింజను ఆడిస్తే వచ్చే నూనెలో మాత్రం సగం దాకా లారిక్ ఆమ్లం ఉంటుంది. ఒకే పండులో రెండు వేరువేరు నూనెలన్నమాట. బ్రెజిల్‌లోని బబాసు అనే తాటి జాతి చెట్టు గింజలోనూ ఇది బాగా ఉంటుంది. తల్లిపాల కొవ్వులోను, ఆవు పాల వెన్నలోను కొద్దిగా దొరుకుతుంది.

వేరుశనగ నూనె, నువ్వుల నూనె, పొద్దుతిరుగుడు నూనెల్లో లారిక్ ఆమ్లం కోసం వెతకనక్కరలేదు. అవి 16, 18 కార్బన్ల పొడవు గొలుసులతో చేసిన నూనెలు.

తోట నుంచి గానుగ దాకా

పడమటి కనుమల మధ్య పాలక్కాడు దగ్గర ఒక పెద్ద సందు ఉంది. అందులోంచి వచ్చే తేమ గాలి పొల్లాచ్చి, ఆనైమలై ప్రాంతాన్ని టెంకాయ తోటలకు అనువుగా చేసింది. ఆళియారు దగ్గర తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి టెంకాయ పరిశోధన కేంద్రం ఉంది. మదురై వైపు వాడిపట్టి, చోళవందాన్ చుట్టూ టెంకాయ తోటలు కనిపిస్తాయి.

పచ్చి టెంకాయ గుజ్జులో దాదాపు సగం నీళ్లే. ఆ నీళ్లు పోయేలా ఎండబెడితే ఎండు కొబ్బరి అవుతుంది. మన వైపు దాన్నే కొప్పర అంటారు. తేమ నూటికి 6, 7 పాళ్లకు దిగాలి. అప్పుడు నూరు కిలోల కొప్పరలో 60 కిలోలకు పైగా నూనె ఉంటుంది. కాంగేయం వైపు వెళ్తే రోడ్డుకు ఇరువైపులా టెంకాయ చిప్పలు పరిచిన పెద్ద పెద్ద సిమెంటు కళ్ళాలు కనిపిస్తాయి. తమిళంలో వాటిని ఉలర్‌కళం అంటారు. మన కళ్ళం, వారి కళం ఒకే మాట.

ఎండబెట్టడంలో తొందరపడితే బూజు పడుతుంది. కొన్ని బూజులు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తాయి. అందుకే మంచి మిల్లువాళ్లు కొప్పరను విరిచి చూసి, లోపల నలుపు, పసుపు మచ్చలుంటే పక్కన పెట్టేస్తారు.

వెనుకట నూనె అంటే ఎద్దుల గానుగే. తమిళంలో గానుగను చెక్కు అంటారు. తెలుగులో చెక్క అంటే నూనె తీశాక మిగిలే పిప్పి, అంటే తమిళం వాళ్ల పుణ్ణాకు. మాట దగ్గరగా ఉంది, వస్తువు వేరు. అంగట్లో ఒకటి అడిగితే ఇంకొకటి చేతికొచ్చేది ఇక్కడే! కప్పలోట్టియ తమిళన్ వ. ఉ. చిదంబరం పిళ్ళైని 1908లో కోయంబత్తూరు జైలులో పెట్టి, ఎద్దులు లాగవలసిన గానుగను ఆయన చేత లాగించారు. నూనె ఆడడం ఎంత బరువు పనో దీన్నిబట్టే తెలుస్తుంది. ఇప్పుడు ఆ పని కరెంటు రోటరీ గానుగలు, ఎక్స్‌పెల్లర్లు చేస్తున్నాయి.

నూనె నుంచి ఆమ్లం ఎలా వేరుచేస్తారు?

గానుగ నుంచి వచ్చేది నూనె. లారిక్ ఆమ్లం అందులో గ్లిసరాల్‌కు అతుక్కుని ఉంది. దాన్ని ఊడదీయాలంటే నీళ్లు కావాలి, వేడి కావాలి, ఒత్తిడి కావాలి.

ఫ్యాక్టరీలో ఎత్తయిన ఉక్కు గొట్టం లాంటి స్తంభంలోకి కింది నుంచి నూనెను, పై నుంచి నీటిని పంపుతారు. లోపల 250 డిగ్రీల వేడి, మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 50 రెట్ల ఒత్తిడి. అంత ఒత్తిడి ఉండబట్టే ఆ వేడిలోనూ నీళ్లు ఆవిరై పోకుండా ద్రవంగానే ఉంటాయి. ఒకదానికొకటి ఎదురు నడిచేటప్పుడు నీళ్లు నూనె అణువును విడగొడతాయి. పైకి కొవ్వు ఆమ్లాలు, కిందికి గ్లిసరాల్ కలిసిన తియ్యటి నీళ్లు వస్తాయి. ఆ తియ్యటి నీళ్లను శుభ్రం చేస్తే గ్లిసరిన్. దగ్గు మందులో, ముఖానికి రాసుకునే క్రీములో వాడేది అదే.

పైకి వచ్చిన కొవ్వు ఆమ్లాల మిశ్రమాన్ని గాలి లేని పాత్రల్లో మరిగిస్తారు. చిన్న గొలుసులు ముందు ఆవిరవుతాయి, పొడవు గొలుసులు తరువాత. అలా 12 కార్బన్ల వాటా విడిగా చేతికి వస్తుంది. చల్లారిస్తే తెల్లటి రేకులు.

గుణాలు, వాటి వెనుక కారణాలు

లారిక్ అణువు ఒక తలా, పొడవాటి తోకా ఉన్న తోకకప్ప లాంటిది. తలలో కార్బాక్సిల్ గుంపు ఉంటుంది. దానికి నీళ్లంటే ఇష్టం. తోకలో పదకొండు కార్బన్ల గొలుసు. దానికి నీళ్లంటే పడదు, జిడ్డంటే ఇష్టం. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే తక్కిన గుణాలన్నీ అర్థమవుతాయి.

తోకలో ద్విబంధాలు లేవు. అందుకే దీన్ని సంతృప్త ఆమ్లం అంటాం. గొలుసులు తిన్నగా ఉండి ఒకదాని పక్కన ఒకటి ఒద్దికగా సర్దుకుంటాయి, కాబట్టి మామూలు వేడిలో గట్టిగా ఉంటుంది. గాలిలోని ఆక్సిజన్ దాడి చేసేది ఎక్కువగా ద్విబంధాల దగ్గరే. అవి లేవు కాబట్టి తొందరగా చెడదు. టెంకాయ నూనె నెలల తరబడి నిలవ ఉండడానికి కారణం ఇదే.

మార్గళి నెలలో కోవైలో సీసాలో నూనె పేరుకుంటుంది. లారిక్ ఆమ్లం 44 డిగ్రీల దగ్గర కరిగితే, నూనె 24 డిగ్రీలకే ఎందుకు కరుగుతుంది? నూనెలో అది ఒంటరిగా లేదు. చిన్నా పెద్దా గొలుసులు కలగలిసి ఉన్నాయి. కలగలుపు వస్తువు శుద్ధమైన దానికంటే తక్కువ వేడికే కరుగుతుంది.

ఇంకో గుణం వంటింట్లో తెలుస్తుంది. తడి గరిటె పెట్టిన నూనె, పాతబడ్డ టెంకాయ తురుము సబ్బు వాసన, సబ్బు రుచి వేస్తాయి. తేమ, బూజు కలిసి నూనెను కొద్దికొద్దిగా విడగొట్టి లారిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తాయి. ఆ రుచి దానిదే. ఫ్యాక్టరీలో స్తంభంలో జరిగే పనే మీ డబ్బాలో నెమ్మదిగా జరిగిందన్నమాట. అందుకే నూనె డబ్బాలో తడి తగలనీయకండి.

సబ్బు, నురుగు, బోరు నీళ్లు

లారిక్ ఆమ్లం లోకంలో ఎక్కువగా ఖర్చయ్యేది శుభ్రం చేసే వస్తువుల్లోనే. టెంకాయ నూనెను కాస్టిక్ సోడాతో కలిపితే సోడియం లారేట్ వస్తుంది. అదే సబ్బు. తల నీటిని పట్టుకుంటుంది, తోక జిడ్డును పట్టుకుంటుంది, నీళ్లు పోయగానే జిడ్డు లేచిపోతుంది.

18 కార్బన్ల స్టియరిక్ సబ్బు గట్టిగా ఉండి నెమ్మదిగా అరుగుతుంది, కానీ నురుగు తక్కువ. 12 కార్బన్ల లారిక్ సబ్బు నీటిలో తొందరగా కరిగి గుల్లగా, ఎక్కువగా నురుగిస్తుంది. మోతాదు మించితే చర్మాన్ని పొడిబారుస్తుంది. అందుకే సబ్బు చేసేవాళ్లు రెండు రకాల నూనెలూ కలుపుతారు. సముద్రపు నీటిలో మామూలు సబ్బు విరిగిపోతుంది. టెంకాయ నూనె సబ్బు అక్కడా నురుగిస్తుంది కాబట్టి ఓడల్లో దాన్నే వాడేవారు. మన పొరుగున కొచ్చిలో కొబ్బరి నూనె తీసిన టాటా ఆయిల్ మిల్స్ 1917లో మొదలైంది. తమిళనాట ఇంటింటికీ తెలిసిన హమామ్ సబ్బు ఆ కంపెనీదే, తరువాత అది హిందుస్థాన్ లీవర్‌లో కలిసింది.

శిరువాణి నీళ్లతో స్నానం చేస్తే సబ్బు వదలనట్టు జారుతుంది. బోరు నీళ్లతో చేస్తే నురుగే రాదు, బకెట్టు అంచున తెల్లటి తెట్టు కడుతుంది. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి నీటిలో కరగని పదార్థం అవుతాయి. ఆ తెట్టు అదే.

దీనికి రసాయన శాస్త్రం కనిపెట్టిన ఉపాయం సోడియం లారిల్ సల్ఫేట్. ముందు లారిక్ ఆమ్లాన్ని, లేదా దాని ఎస్టరును, హైడ్రోజన్‌తో లారిల్ ఆల్కహాలుగా మారుస్తారు. దానికి సల్ఫర్ ట్రైఆక్సైడు కలిపి, కాస్టిక్ సోడాతో తటస్థం చేస్తారు. ఇలా వచ్చిన పదార్థం బోరు నీళ్లలోనూ తెట్టు కట్టదు. షాంపూ, టూత్‌పేస్టు, పాత్రల లిక్విడ్ వెనుక చూడండి, ఇదో దీని తమ్ముడు సోడియం లారెత్ సల్ఫేటో కనిపిస్తుంది. పళ్లు తోముకున్న వెంటనే నారింజ రసం తాగితే చేదుగా ఉంటుంది కదా. నాలుక మీద తీపి తెలిసే చోట్లను కాసేపు మందగింపజేసేది ఈ పదార్థమే.

ఇంకా ఎక్కడెక్కడ?

- బట్టల మిల్లులు: పత్తి నూలుకు సహజంగా ఒక మైనపు పూత ఉంటుంది, నీళ్లను లోపలికి రానివ్వదు. ఉడికించేటప్పుడు, రంగు వేసేటప్పుడు నీళ్లు నూలులోకి దిగడానికి తడిపే పదార్థాలు వాడతారు. వాటిలో లారిల్ ఆల్కహాలు నుంచి చేసినవి ఒక రకం. కోయంబత్తూరు, తిరుప్పూరు పిల్లలకు ఇది ఇంటి సంగతే.
- ప్లాస్టిక్కు: లారిక్ ఆమ్లం నుంచి చేసే లారాయిల్ పెరాక్సైడు పి.వి.సి. తయారీలో చర్యను మొదలుపెట్టే అగ్గిపుల్ల లాంటిది. తోటలో నీళ్లు పారే పైపు వెనుక కూడా టెంకాయ బంధువు ఉండవచ్చు.
- మందులు, ఆహారం: పాలిసార్బేట్ 20 అనే పదార్థం నూనెను, నీటిని కలిపి ఉంచుతుంది. కొన్ని ఇంజెక్షన్ మందుల్లోనూ వాడతారు. మోనోలారిన్ అనేది ఆహారంలో కలపడానికి పనికొస్తుంది, కొన్ని సూక్ష్మజీవులను అణచుతుంది.
- వేడి దాచుకోవడం: గ్రాము లారిక్ ఆమ్లం కరగడానికి దాదాపు 180 జౌళ్ల వేడి తీసుకుంటుంది, గడ్డకట్టేటప్పుడు అంతా తిరిగి ఇస్తుంది. పగటి ఎండ వేడిని దాచి రాత్రి వాడుకునే పద్ధతుల కోసం దీని మీద పరిశోధనలు జరుగుతున్నాయి.

ఒంటికి మంచిదా, చెడ్డదా?

ఫోనులో వచ్చే సందేశాల్లో టెంకాయ నూనె ఒకరోజు సర్వరోగ నివారిణి, మరోరోజు విషం. రెండూ నమ్మకండి.

లారిక్ ఆమ్లం సంతృప్త కొవ్వు. రక్తంలో చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్.డి.ఎల్.ను పెంచుతుంది, మంచిదనే హెచ్.డి.ఎల్.నూ పెంచుతుంది. ఒకటి పెరిగింది కాబట్టి ఇంకొకటి రద్దయిపోతుందని అనుకోకూడదు. రోజు తినే శక్తిలో సంతృప్త కొవ్వుల వాటా నూటికి 10 పాళ్లు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నెయ్యి, పాలు, మాంసం, బేకరీ తిండి అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

ఇది మధ్యస్థ గొలుసు కొవ్వు, నేరుగా కాలేయానికి పోయి ఖర్చయిపోతుంది, ఒంట్లో చేరదు అనే ప్రచారం ఒకటి ఉంది. ఆ మాట 8, 10 కార్బన్ల ఆమ్లాలకు బాగా సరిపోతుంది. లారిక్ ఆమ్లం చాలామటుకు పొడవు గొలుసుల దారినే నడుస్తుంది. ఎమ్.సి.టి. నూనె మీద జరిగిన పరిశోధనను చూపించి టెంకాయ నూనె అమ్మేవాళ్లు ఈ తేడా చెప్పరు. చట్నీకి, పోరియలుకు, తాళింపుకు మితంగా వాడుకుంటే భయం లేదు. గుండె జబ్బు, కొలెస్ట్రాల్ ఉన్నవాళ్లు డాక్టరు మాట వినాలి. మందు మానేసి చెంచాల కొద్దీ నూనె తాగడం మాత్రం ప్రమాదం.

తలకు పెట్టుకునే విషయంలో అవ్వల మాట నిజమేనని తేలింది. 2003లో వెలువడిన ఒక భారతీయ పరిశోధనలో టెంకాయ నూనె, పొద్దుతిరుగుడు నూనె, పారఫిన్ నూనెలను పోల్చి చూశారు. వెంట్రుకలోని ప్రోటీన్ పోకుండా బాగా కాపాడింది టెంకాయ నూనే. లారిక్ గొలుసు చిన్నది, తిన్ననిది కాబట్టి వెంట్రుక లోపలికి దిగగలదు. మొటిమలున్న ముఖానికి మాత్రం రాయకండి. రంధ్రాలు మూసుకుపోతాయి.

కల్తీని లారిక్ ఆమ్లం ఎలా పట్టిస్తుంది?

టెంకాయ ధర పెరిగినప్పుడల్లా చవక నూనెలు కలిపే ఆశ కూడా పెరుగుతుంది. పామోలిన్ కలిపితే డబ్బు పోతుంది. పారఫిన్ నూనె కలిపితే ఆరోగ్యమే పోతుంది. అది పెట్రోలియం నుంచి వచ్చింది, తినేది కాదు.

పదో తరగతి దాటిన పిల్లలు ఈ లెక్క చేయండి. ఒక గ్రాము నూనెను పూర్తిగా సబ్బుగా మార్చడానికి ఎన్ని మిల్లీగ్రాముల పొటాషియం హైడ్రాక్సైడు కావాలో దాన్ని సపోనిఫికేషన్ విలువ అంటారు. ప్రతి నూనె అణువుకూ మూడు పొటాషియం హైడ్రాక్సైడు అణువులు కావాలి. మూడూ లారిక్ ఆమ్లాలే ఉన్న నూనె అణుభారం 639. పొటాషియం హైడ్రాక్సైడుది 56.1. మూడుతో గుణిస్తే 168.3. దాన్ని 639తో భాగించి వెయ్యితో గుణించండి. 263 వస్తుంది. అదే మూడూ స్టియరిక్ ఆమ్లాలైతే అణుభారం 891.5, విలువ 189.

గొలుసు చిన్నదైతే గ్రాములో ఎక్కువ అణువులు పడతాయి, విలువ పెరుగుతుంది. మన దేశ ఆహార ప్రమాణాల ప్రకారం టెంకాయ నూనెకు ఈ విలువ 250కి తగ్గకూడదు. పామోలిన్‌కు దాదాపు 200. పారఫిన్ సబ్బే కాదు కాబట్టి సున్న. కలిపినకొద్దీ అంకె పడిపోతుంది. అలాగే ద్విబంధాలను లెక్కపెట్టే అయోడిన్ విలువ టెంకాయ నూనెకు 7.5 నుంచి 10 మధ్య ఉండాలి. పామోలిన్‌కు 50 దాటుతుంది. ల్యాబులో ఈ రెండు అంకెలు చూస్తే దొంగ దొరికిపోతాడు.

ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటి ఉంది. గాజు గ్లాసులో కొంచెం నూనె పోసి ఫ్రిజ్‌లో, ఫ్రీజరులో కాదు, అరగంట పెట్టండి. మంచి టెంకాయ నూనె మొత్తం తెల్లగా పేరుకుంటుంది. వేరే నూనె కలిసి ఉంటే అది పేరుకోకుండా విడి పొరగా కనిపిస్తుంది. కొద్దిపాటి కల్తీ ఈ పరీక్షకు చిక్కకపోవచ్చు. అనుమానం ఉంటే ఆహార భద్రతా అధికారికి నమూనా ఇవ్వాలి.

సీసా కూడా చదవండి. టెంకాయ నూనె వంటనూనా, తలనూనా అన్న తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అప్పట్లో వంటనూనెకు పన్ను 5 శాతం, తలనూనెకు 18 శాతం. చిన్న సీసాలో ఉన్నంత మాత్రాన శుద్ధమైన టెంకాయ నూనె తలనూనె అయిపోదని కోర్టు 2024 డిసెంబరు 18న తీర్పు చెప్పింది. 2025 సెప్టెంబరు 22 నుంచి తలనూనెకూ పన్ను 5 శాతమే. పన్ను ఏదైనా ఇంటికి పనికొచ్చే సూత్రం ఒకటే: ఆహార లైసెన్సు సంఖ్య ఉన్న సీసా అయితేనే వంటకు వాడండి. వాసన ద్రవ్యాలు కలిపిన తలనూనె వంటింట్లోకి రాకూడదు.

రైతు చేతికి ఎంత?

2025 సీజనుకు కేంద్ర ప్రభుత్వం నూనె ఆడే కొప్పరకు క్వింటాలు 11,582 రూపాయలు, గుండు కొబ్బరికి 12,100 రూపాయలు మద్దతు ధరగా ప్రకటించింది. ఆ ఏడాది బజారు ధర దానికంటే చాలా పైకి పోయింది. ధర పెరిగిందని అందరు రైతులూ బాగుపడలేదు. కాయ ఉంటే కదా అమ్మేది! టెంకాయ ఆకుల కింద తెల్లటి చుట్టలు చుట్టే రుగోస్ తెల్లదోమను మన దేశంలో మొదట చూసింది 2016లో, పొల్లాచ్చి ప్రాంతంలోనే. కేరళ నుంచి పాకిన వేరు వాడు తెగులూ తోటలను దెబ్బతీసింది.

ఇంకో సంగతి కూడా ఉంది. సబ్బు, షాంపూ కంపెనీలకు కావలసింది లారిక్ ఆమ్లం, అది ఏ చెట్టుదైనా ఒకటే. ఇండోనేషియా, మలేషియాల పామ్ గింజ నూనె దానికి పోటీ. కాబట్టి ఫ్యాక్టరీ బేరంలో టెంకాయకు విడిగా గౌరవం లేదు. టెంకాయకే సొంతమైన వాసన, రుచి, నమ్మకం ఉన్న గానుగ నూనెలో, తిండిలో మాత్రం పామ్ గింజ పోటీకి రాలేదు. తోటలున్న ఇళ్ల పిల్లలు వ్యవసాయమో, ఆహార సాంకేతికమో, రసాయన ఇంజనీరింగో చదివితే చేయవలసిన పని ఇక్కడ చాలా ఉంది. కాయగా అమ్మే ఊళ్లోనే దాన్ని నూనెగా, నూనెను సబ్బుగా, చెక్కను దాణాగా మార్చగలిగితే ఆ డబ్బు ఊళ్లోనే నిలుస్తుంది.

బడి ల్యాబులో చేసి చూడండి

టీచరు దగ్గరుండగా మాత్రమే చేయాలి. పరీక్షనాళికలో కొంచెం లారిక్ ఆమ్లం తీసుకుని వేడినీళ్లలో పెట్టి 60 డిగ్రీలకు తెండి. థర్మామీటరు పెట్టి బయటకు తీసి, అర నిమిషానికి ఒకసారి ఉష్ణోగ్రత రాయండి. గ్రాఫు గీస్తే రేఖ దిగుతూ దిగుతూ 44 దగ్గర కాసేపు అడ్డంగా నిలబడుతుంది, తరువాత మళ్లీ దిగుతుంది. ఆ నిలబడిన సమయంలో ఏం జరుగుతోంది? జవాబు పైన వేడి దాచుకోవడం గురించి రాసిన చోటే ఉంది. పొడి కంట్లో పడితే మండుతుంది, కళ్లద్దాలు తప్పనిసరి.

ఇంట్లో చేయదగినది: రెండు సీసాల్లో ఒకదాంట్లో కుళాయి నీళ్లు, ఒకదాంట్లో బోరు నీళ్లు సమానంగా పోసి, సబ్బు నీళ్లు చుక్క చుక్కగా వేస్తూ ఊపండి. నిలిచే నురుగు రావడానికి ఏ సీసాకు ఎన్ని చుక్కలు పట్టాయో రాసుకోండి. మీ వీధి నీళ్లు ఎంత కఠినమో ఆ అంకెలే చెబుతాయి. కాస్టిక్ సోడాతో సబ్బు చేయడం మాత్రం ఇంట్లో పిల్లలు చేయకూడదు.

మాటల పట్టిక

- టెంకాయ: మన వైపు, రాయలసీమలో ఈ మాటే. కోస్తాలో కొబ్బరికాయ. తమిళంలో తేంగాయ్.
- నూనె: తమిళంలో ఎణ్ణెయ్. మన మంచినూనె, వారి నల్లెణ్ణెయ్ రెండూ నువ్వుల నూనే, అర్థమూ ఒకటే.
- కొవ్వు ఆమ్లం: తమిళ పుస్తకంలో కొళుప్పు అమిలం.
- గానుగ: తమిళంలో చెక్కు.
- చెక్క, తెలకపిండి: తమిళంలో పుణ్ణాకు. తెలకపిండి అంటే ప్రత్యేకంగా నువ్వుల చెక్క.
- కళ్ళం: తమిళంలో కళం.
- పేరుకోవడం: నెయ్యి, నూనె చల్లదనానికి గట్టిపడడం. నీళ్లకు గడ్డకట్టడం అంటాం, నెయ్యికి పేరుకోవడం అంటాం.

ఈ పట్టికలో చేర్చదగిన మాట మీ ఇంట్లో అవ్వకో తాతకో తెలిసి ఉంటే అడిగి, ఏ ఊరి మాటో కూడా రాసుకుని తెలుగు టీచరుకు ఇవ్వండి. నూనె మిల్లులో, తోటలో పని చేసిన పెద్దవాళ్ల నోట ఉన్న మాటలు పుస్తకాల్లో దొరకవు. వాళ్లు ఉండగానే రాసుకోవాలి.